రొంటిన పిస్తోలు పల్లెను కాపాడుతుందా?

ఈ మధ్య మేం ఏ పల్లెకు మీటింగుకి పోయినా ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతున్నది. ముందు వరసలో పట్టా మీద కూర్చున్న పెద్దలు అడగరు. వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్ళు అడుగుతారు. "అన్నా, అట్రాసిటీ రూల్సులోనే మనకు తుపాకీ లైసెన్సు ఇవ్వొచ్చని ఉందంట గదా. మరి సంఘం ఎందుకు అడగదు? చిన్న పిస్తోలు ఒకటి రొంటిన దోపుకుని పైన చొక్కా వదిలేసుకుని తిరిగితే, ఎవడికైనా మన మీద చెయ్యెత్తే దమ్ముంటదా?"

ఈ ప్రశ్నను నవ్వి కొట్టిపారేసే హక్కు మనలో ఎవరికీ లేదు. అడిగినవాడు సినిమా చూసొచ్చి అడగలేదు. వాడి చిన్నాయన్ని చెరువుకట్ట మీద పట్టుకుని కొట్టారు. కేసు పెడితే ఎదురు కేసు పెట్టారు. స్టేషన్ అరుగు మీదే కూర్చోబెట్టి రాజీ పడమన్నారు. వాయిదాలకు తిరిగి తిరిగి ఆటో చార్జీలకే అప్పయింది. అలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్లోడికి చట్టం మీద నమ్మకం ఉంచమని ఉపన్యాసం చెబితే, వాడు మన మొహాన ఉమ్మేయడు గానీ ఆ మర్నాటి నుంచి మీటింగుకు రాడు. ఆ రాత్రి మేం చెప్పిన జవాబు మాకే తృప్తిగా లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాం.

ముందు చట్టం సంగతి. కుర్రాడు చెప్పింది నిజమే. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 1995లో రూల్సు వచ్చాయి. అందులో మూడో రూలు చదవండి. ఏ ప్రాంతంలోనైనా ఎస్సీ ఎస్టీల మీద దాడి జరగవచ్చని, జరిగినచోట మళ్ళీ జరగవచ్చని అనుమానం ఉంటే ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని గుర్తించాలి. కలెక్టరూ ఎస్పీ అక్కడికి పోయి పరిస్థితి చూడాలి. అవసరమనుకుంటే ఎస్సీ ఎస్టీలు కానివాళ్ళ తుపాకీ లైసెన్సులు రద్దు చేసి, ఆ తుపాకుల్ని ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. వాళ్ళవే కాదు, వాళ్ళ దగ్గరి బంధువులవి, పాలేర్లవి, ఇంటి స్నేహితులవి కూడా. దొంగ తుపాకులన్నీ పట్టుకోవాలి. ఆ తర్వాత, అవసరమైతే, ఎస్సీ ఎస్టీలకు ఆత్మరక్షణ కోసం ఆయుధాల లైసెన్సులు ఇవ్వాలి.

వరస గమనించారా? మనకు ఇవ్వడం తర్వాత. ముందు వాళ్ళ దగ్గర్నుంచి తీసుకోవడం. రూలు రాసినవాళ్ళకు ఉన్న తెలివి అమలుచేసేవాళ్ళకు లేదంటే మేం నమ్మం. తెలివి ఉంది, మనసు లేదు. మాకు తెలిసిన జిల్లా ఆఫీసు ఒకదానిలో మూడో రూలు కింద ఫలానా ఊరిని గుర్తించమని అర్జీ పట్టుకుపోతే, సీట్లో ఉన్న పెద్దమనిషి "అట్లాంటి రూలు ఉందా?" అని మమ్మల్నే అడిగాడు. మేం తీసుకుపోయిన జిరాక్సు కాయితం చదివి, "ఇది పెద్ద తలకాయనొప్పి, నష్టపరిహారం సంగతి చూద్దాం" అన్నాడు. శవం లేచాక ఇచ్చే చెక్కు వాళ్ళకు సులువు. శవం లేవకుండా చూడటం తలకాయనొప్పి.

అసలు ఊళ్ళో తుపాకీ ఎవరి దగ్గరుంది? 1959 ఆయుధాల చట్టం పంట కాపలాకు మందుగుండు దట్టించే తుపాకీకి, ఆత్మరక్షణకో వేటకో నున్నటి గొట్టం తుపాకీకి లైసెన్సు ఇమ్మంటుంది. పంట కాపలా అంటే పంట ఉండాలి. పంట ఉండాలంటే భూమి ఉండాలి. భూమి ఎవరిదో మేం చెప్పక్కర్లేదు. కోతులకూ అడవిపందులకూ అని తీసుకున్న తుపాకీ, దసరాకు బయటికి తీసి అరుగు మీద తుడుస్తుంటే, ఆ దారిన పోయే కూలివాడికి అది ఎవరికోసమో తెలుస్తుంది. కాల్చక్కర్లేదు, తుడిస్తే చాలు. తుపాకీ భూమి వెంట నడుస్తుందని మేం అనేది ఇందుకే. అదే చట్టంలో పద్నాలుగో సెక్షను, ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని కూడా అంటుంది. ఆ సంగతి ఎంతమంది తాసీల్దార్లకు గుర్తుందో!

మన పల్లెల్లో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ళు బొత్తిగా లేరా? ఉన్నారు. మిలిటరీలో చేసి రిటైరై వచ్చిన మన బాబాయిలు. వాళ్ళు డబుల్ బ్యారల్ భుజాన వేసుకుని బ్యాంకు ముందు స్టూలు మీద కూర్చుంటారు. మాల మాదిగ చేతిలో తుపాకీ ఉండటానికి ఈ దేశానికి అభ్యంతరం లేదు, అది వేరేవాళ్ళ డబ్బుకు కాపలా కాస్తున్నంతవరకు.

ఇంకో సంగతి. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చేయమని నోటీసులు పోతాయి. పెత్తందార్లు కిక్కురుమనకుండా పోయి అప్పజెప్పి రసీదు తెచ్చుకుంటారు. కౌంటింగు అయ్యాక మళ్ళీ ఇంటికి తెచ్చుకుంటారు. అంటే ఏ ఊళ్ళో ఎవరింట్లో ఎన్ని తుపాకులున్నాయో పోలీసులకు చిట్టా ఉంది, తీసుకోమంటే వారం రోజుల్లో తీసుకోగలరు. ఓట్ల పెట్టె కోసం చేయగలిగిన పని మాదిగపల్లె కోసం చేయలేరా? మా మొదటి డిమాండు ఇదే. మీరు ఇంకేం ఒప్పుకోకపోయినా దీన్ని ఒప్పుకోండి.

ఇప్పుడు కుర్రాడి అసలు ప్రశ్నకు వద్దాం. లైసెన్సు ఇచ్చారనుకుందాం. పిస్తోలు కొన్నామనుకుందాం. అది కాపాడుతుందా?

మన మీద దాడులు ఎట్లా జరిగాయో గుర్తుచేసుకుందాం. కారంచేడు, 1985 జులై 17. అంతకు ముందురోజు మంచినీళ్ళ చెరువు దగ్గర గొడవ. మనం తాగే నీళ్ళలో బర్రెల కుడితి బకెట్టు కడగొద్దన్నందుకు కొట్టబోతే, ఒక మాదిగ అక్క చేతిలో ఉన్న బిందె ఎత్తింది. అంతే. తెల్లారి వందల మంది గొడ్డళ్ళూ బరిశెలూ పట్టుకుని పల్లె మీద పడ్డారు. పారిపోతున్నవాళ్ళను పొలాల్లో తరిమి తరిమి నరికారు. ఆరుగురు పోయారు. చుండూరు, 1991 ఆగస్టు 6. పల్లెలోకి పోలీసులు వచ్చారు, మగవాళ్ళు పొలాల్లోకి పరుగెత్తారు, ఆ పొలాల్లో నరికేవాళ్ళు కాచుకుని ఉన్నారు. ఎనిమిది మందిని చంపి గోతాల్లో కుక్కి కాలవలో వేశారు. లక్ష్మీపేట, అప్పటి శ్రీకాకుళం జిల్లా, 2012 జూన్ 12. మడ్డువలస రిజర్వాయరు భూమిలో మనవాళ్ళు సాగు చేసుకుంటున్నందుకు పొద్దున్నే నాటుబాంబులు, బరిశెలతో వచ్చి ఐదుగురిని చంపారు. అప్పటికే ఊళ్ళో పోలీసు పికెట్ ఉంది!

ఈ మూడుచోట్లా ఒక యువకుడి రొంటిన ఆరు గుళ్ళ పిస్తోలు ఉందనుకోండి. మేం వెక్కిరింపుగా అనడం లేదు, నిజంగానే ఊహించుకుని చూశాం. ఆరు గుళ్ళు. ఎదురుగా రెండు మూడొందల మంది. ఒకడో ఇద్దరో పడతారు. మూక వెనక్కి తగ్గుతుందా? ఒక నిమిషం తగ్గవచ్చు. ఆ నిమిషంలో పిల్లలు పారిపోవచ్చు. ఆ నిమిషాన్ని మేం తక్కువ చేయం, ఆ నిమిషం దొరక్క చచ్చినవాళ్ళ తల్లులు మనమధ్యే ఉన్నారు. కానీ మర్నాటి పేపర్లో ఏం వస్తుంది? "దళితుల కాల్పులు, ప్రతిగా ఘర్షణ" అని వస్తుంది. మారణకాండ కాస్తా రెండు వర్గాల కొట్లాట అవుతుంది. కోర్టులో వాళ్ళ వకీలుకు అంతకంటే ఇంకేం కావాలి? ఒట్టి చేతులతో చచ్చిన కేసుల్లోనే ఇరవై మూడేళ్ళకు, 2008 డిసెంబరులో, సుప్రీంకోర్టు కారంచేడు మీద చివరిమాట చెప్పింది: ఒకడికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళు. చుండూరులో ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది, ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకు పోవాల్సి వచ్చింది. మన చేతిలో కూడా తుపాకీ ఉండి ఉంటే ఆ కేసులు ఆమాత్రం కూడా నిలబడేవి కావు.

మూక కాకుండా ఒక్కడే వస్తే? అప్పుడు రొంటిన ఉన్నది పనికొస్తుందా? 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఏం జరిగింది? కులం కాని పిల్లను చేసుకున్నందుకు మన పిల్లోడిని సుపారీ ఇచ్చి చంపించారు. గర్భిణి భార్యను డాక్టరుకు చూపించి ఆసుపత్రి గేటు దాటుతుంటే, వెనక నుంచి వచ్చి కత్తితో నరికాడు. చూసిన కెమెరాకే క్షణం పట్టింది. జేబులో ఏదున్నా చెయ్యి జేబు దాకా పోదు. చంపాలని నిర్ణయించుకున్నవాడు టైము తనే పెట్టుకుంటాడు. కాపాడుకోవాలనుకున్నవాడికి టైము తెలియదు. ఇదీ తేడా.

మాటకు మాట, రాయలసీమ ఫాక్షన్ నాయకుల్ని చూడండి. వాళ్ళకు లైసెన్సులు, గన్‌మెన్లు, ముందొక జీపు వెనకొక జీపు. పరిటాల రవిని 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ ఆఫీసులో, పట్టపగలు, గన్‌మెన్ ఉండగానే కాల్చిచంపారు. మద్దెలచెరువు సూరిని 2011 జనవరిలో హైదరాబాదులో కార్లో పక్కన తిరిగిన మనిషే కాల్చాడు. తుపాకుల మధ్య బతికినవాళ్ళ సంగతే ఇదైతే, బర్రెకు గడ్డి కోసుకొచ్చే మన తమ్ముడి సంగతేంటి?

ఈ గన్‌మెన్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే ఒకటి అనేస్తాం, కొందరికి కోపం వచ్చినా సరే. మన నాయకుల్లో కొందరికి గన్‌మెన్ ఇచ్చారు. ఇచ్చిన రోజునుంచి వాళ్ళ నడక మారింది. పల్లెలోకి వస్తే అరుగు మీద కూర్చోరు, కుర్చీ వేయాలి. పల్లెకు ముప్పు ఉంటే నాయకుడికి గన్‌మెన్ ఇవ్వడమేంటో మాకు ఈనాటికీ అర్థం కాలేదు. లైసెన్సుల ఉద్యమం కూడా అట్లాగే ముగుస్తుందేమోనని మా భయం. వందమంది పేర్లతో అర్జీ పోతుంది, ఒక్కడికి వస్తుంది, ఆ ఒక్కడూ మిగతా తొంభైతొమ్మిది మంది మీద పెత్తనం చేస్తాడు.

బీహారు సంగతి చెప్పి "అక్కడివాళ్ళు తుపాకీ పట్టారు గదా" అంటారు కొందరు మిత్రులు. బీహారులో పేదల పక్షాన సాయుధ దళాలు ఉన్నమాట నిజం. అయినా రణవీర్ సేన 1996 జులైలో బథానీ టోలాలో 21 మందిని, 1997 డిసెంబరు 1 రాత్రి లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మందిని చంపింది. బాథేకు సోన్ నది దాటి పడవల మీద వచ్చారు. నిద్రపోతున్న గుడిసెల్లోకి దూరి ఆడవాళ్ళను, పసిపిల్లల్ని కాల్చారు. తుపాకీకి తుపాకీ జవాబు అనుకున్నచోట, జవాబు చెప్పలేనివాళ్ళనే వెతుక్కుంటూ వచ్చారు. తర్వాత పాట్నా హైకోర్టు 2012లో ఒక కేసునూ 2013లో రెండో కేసునూ కొట్టేసి ముద్దాయిలందర్నీ వదిలేసింది. మనదగ్గర కూడా కారంచేడు కేసులో ముఖ్యుడిగా పేరుపడ్డ భూస్వామిని 1989లో నక్సలైట్లు చంపారు. అప్పుడు పల్లెల్లో చాలామంది తృప్తిపడ్డారు, దాన్ని మేం దాచం. కానీ మూడేళ్ళు తిరక్కుండా చుండూరు జరిగింది. ఒక ఊరి భూస్వామి చావు పక్క జిల్లా భూస్వామికి భయం పెట్టలేదు.

సాధారణ మనిషి పిస్తోలు దాచుకుని తిరగడం అనేది పెద్ద ఎత్తున ఎక్కడన్నా జరిగిందంటే అది అమెరికాలో. అక్కడ సగానికి పైగా రాష్ట్రాల్లో ఇప్పుడు లైసెన్సు కూడా అక్కర్లేదు. 2022 జూన్‌లో వాళ్ళ సుప్రీంకోర్టు, ప్రత్యేకమైన ముప్పు చూపించనక్కర్లేదు, వీధిలో తుపాకీతో తిరగడం పౌరుడి హక్కే అని తీర్పు ఇచ్చింది. మరి వాళ్ళు క్షేమంగా ఉన్నారా? 2021 ఒక్క ఏడాదిలో 48,830 మంది తుపాకీ గుళ్ళకు చచ్చారు. అందులో సగానికి పైగా, 26,328 మంది, తమను తామే కాల్చుకున్నారు. ఆత్మరక్షణకని కొన్నది ఆత్మహత్యకు పనికొచ్చింది. మనవాళ్ళు ఉద్యోగాలకూ చదువులకూ ఆ దేశం పోతున్నారు గదా, 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో ఒక బార్‌లో కూర్చున్న తెలుగు ఇంజనీరును, నా దేశం నుంచి పొమ్మని ఒకడు కాల్చిచంపాడు. పిస్తోలు హక్కుగా ఉన్న దేశంలో మొదట బయటికి వచ్చేది పొగరున్నవాడి పిస్తోలే.

అమెరికాలో నల్లవాళ్ళ అనుభవం మనకు ఇంకా దగ్గరిది. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో వాళ్ళ ప్రధాన న్యాయమూర్తి, నల్లవాళ్ళు పౌరులు కారని తేలుస్తూ చూపించిన కారణాల్లో ఒకటేంటో తెలుసా? వీళ్ళను పౌరులని ఒప్పుకుంటే ఎక్కడికి పోయినా ఆయుధం పట్టుకుపోయే హక్కు కూడా ఇవ్వాల్సి వస్తుందట! వంద ఏళ్ళ తర్వాత, 1956 జనవరిలో, మాంట్‌గొమరీలో బస్సుల బహిష్కరణ నడుస్తుండగా మార్టిన్ లూథర్ కింగ్ ఇంటిమీద బాంబు వేశారు. లోపల భార్య, పసిపిల్ల. ఆయన పిస్తోలు దాచుకుని తిరగడానికి పర్మిట్ కోసం దరఖాస్తు పెట్టాడు. ఇవ్వలేదు. అహింస అని ప్రపంచమంతా చెప్పుకునే మనిషి కూడా ఒకనాడు మన కుర్రాడి ప్రశ్నే అడిగాడన్నమాట. బాంబు వేసినవాడి జేబులో ఏముందో అడగని రాజ్యం, బాంబు పడ్డవాడికి మాత్రం కుదరదంది. కింగ్ ఆ తర్వాత ఇంట్లో తుపాకులు తీసేశాడు. 1968 ఏప్రిల్‌లో దూరం నుంచి రైఫిల్‌తో కాల్చి ఆయన్ని చంపారు. పర్మిట్ వచ్చి ఉన్నా ఆ గుండు ఆగేది కాదు.

అయితే నల్లవాళ్ళకు తుపాకీ ఎప్పుడూ పనికిరాలేదా? పనికొచ్చింది, అది కూడా చెప్పకపోతే మేం అబద్ధమాడినట్టు. లూసియానాలో 1964, 65 లలో 'డీకన్స్ ఫర్ డిఫెన్స్' అని ఒక సంఘం పుట్టింది. మిలిటరీలో చేసొచ్చిన నల్ల కార్మికులు. రాత్రిళ్ళు తమ వీధులకు తుపాకులతో కాపలా తిరిగారు. ఊరేగింపులకు అండగా నడిచారు. క్లాన్ మూకలు వాళ్ళున్నచోటికి రావడానికి జంకాయి. మిత్రులారా, వాళ్ళు దాచుకోలేదు. ఒక్కొక్కడు తన రొంటిన తను దోపుకుని తన దారిన తను పోలేదు. పేరు పెట్టుకున్నారు, వంతులు వేసుకున్నారు, కనబడేటట్టు నిలబడ్డారు. పనిచేసింది సగం తుపాకీ, సగం సంఘం. ఆ తర్వాత బ్లాక్ పాంథర్లు కాలిఫోర్నియాలో చట్టం ఒప్పుకున్నట్టే తుపాకులు బాహాటంగా పట్టుకుని పోలీసుల్ని కనిపెట్టి తిరిగారు. 1967 మేలో రాష్ట్ర శాసనసభలోకి అట్లాగే నడిచారు. అంతే! ఆ ఏడాదే చట్టం మార్చి, గుళ్ళు నింపిన తుపాకీతో వీధిలో తిరగడం నేరమన్నారు. సంతకం పెట్టింది అప్పటి గవర్నరు రీగన్. తెల్లవాడు పట్టుకుంటే హక్కు, నల్లవాడు పట్టుకుంటే శాంతిభద్రతలు. 2016 జులైలో మినెసోటాలో ఒక నల్ల ఉద్యోగి, నా దగ్గర లైసెన్సు తుపాకీ ఉందని మర్యాదగా పోలీసుకు తనే చెప్పాడు. చెప్పిన క్షణాల్లోనే పోలీసు కాల్చిచంపాడు. మరుసటేడు కోర్టు ఆ పోలీసుని వదిలేసింది. లైసెన్సు కాయితం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి దాని విలువ. మన చేతిలో కుల ధృవీకరణ పత్రానికే స్టేషన్లో ఎంత విలువో మీకు తెలుసు.

ఖర్చు మాట చూద్దాం. ఢిల్లీ అత్యాచారం తర్వాత, 2014 జనవరిలో, ఆడవాళ్ళ ఆత్మరక్షణకని కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ 'నిర్భీక్' అని చిన్న రివాల్వరు తెచ్చింది. అరకిలో బరువు, హ్యాండ్‌బ్యాగులో పడుతుంది. ధర లక్షా ఇరవై వేల పైచిలుకు. 2024-25లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 300. ఆనాటి ధరను ఆ ఏటి కూలితో కొందామన్నా నాలుగొందల రోజులు తట్ట మొయ్యాలి. తిండి తినకుండా. ఏ ఆడవాళ్ళ కోసం ఆ రివాల్వరు? ఈ సంగతే మీటింగులో చెబితే కలుపుకు పోయే ఒక పెద్దమ్మ అంది: "అయ్యా, ధర సంగతి ఇడిసిపెట్టు. మడిలో వొంగున్నప్పుడు అది ఏడ పెట్టుకోను? గట్టు మీద పెడితే దొర తీసుకుంటాడు." అందరూ నవ్వారు. పక్కనున్న ఇంకో అక్క నవ్వలేదు. "తుపాకి నా ఇంట్లో పెడితే రాత్రికి అది తాగొచ్చిన నా మొగుడి చేతిలో ఉంటది" అంది. ఆ మాటతో మీటింగు కాసేపు మూగబోయింది. మా లెక్కలన్నీ ఊరివాడి గురించే గానీ, పల్లె లోపలి చేతుల గురించి మేం ఆలోచించి రాలేదు. సారా, అప్పులు, పంచాయితీలు, అన్నదమ్ముల గెట్టు తగాదాలు ఉన్న ఇళ్ళలో తుపాకీ ముందు ఎవరిమీదికి తిరుగుతుందో ఆడవాళ్ళకే బాగా తెలుసు.

మరి చేతులు ముడుచుకుని దెబ్బలు తినమంటారా అని అడుగుతారు. అననే అనం. ఆత్మరక్షణ మన హక్కు. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లే, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్నాయి. ప్రాణం మీదికి వస్తే, మానం మీదికి వస్తే, ఎదురు తిరిగి కొట్టే హక్కు ఉంది, ఆ దెబ్బకు వాడు చచ్చినా నేరం కాదు. ఆ హక్కుకు పిస్తోలు అక్కర్లేదు. కారంచేడు అక్క ఎత్తిన బిందె ఆత్మరక్షణే. కొడవలి, కారం, రోకలి, చేతికందిన రాయి, అన్నీ ఆత్మరక్షణే. ఈ సంగతి పల్లెలో ప్రతి ఒక్కరికీ తెలియాలి, ఎందుకంటే మనవాళ్ళు చెయ్యెత్తడం నేరమని ఇంకా అనుకుంటున్నారు. ఏకలవ్యుడి బొటనవేలు తీసుకున్నవాళ్ళు ముందు తీసుకున్నది వేలు కాదు, ఇవ్వనంటే ఏమవుతుందన్న ఆలోచన.

1927 మార్చిలో మహాడ్ చెరువు నీళ్ళు తాగొచ్చిన మనవాళ్ళ మీద కర్రలతో పడ్డారు. ఆ సభకు వచ్చినవాళ్ళలో పల్టన్‌లో చేసొచ్చిన సిపాయిలు చాలామంది. బాబాసాహెబ్ ఒక్క సైగ చేస్తే ఆ ఊరు ఏమయ్యేదో! ఆయన సైగ చేయలేదు. కేసు పెట్టించాడు. కొట్టినవాళ్ళకు శిక్షలు పడ్డాయి. చెరువు మీద హక్కు కోసం పదేళ్ళు కోర్టులో కొట్లాడి 1937లో హైకోర్టులో గెలిచాడు. అట్లాగని ఆయన సభలకు కాపలా లేకుండా పోలేదు. సమతా సైనిక్ దళ్ ఉంది, యూనిఫారం వేసుకుని వరసలో నడిచేది. దాచుకునే దళం కాదు, కనబడే దళం.

కారంచేడు మాదిగలు కూడా ఊరొదిలి చీరాల చేరి శిబిరం పెట్టుకున్నారు. ఆ శిబిరం నుంచి దళిత మహాసభ పుట్టింది. 1989 చట్టం వెనక ఆ శిబిరం ఉంది. చుండూరువాళ్ళు తమ శవాల్ని ఊరి నడిబొడ్డున పూడ్చుకుని దానికి రక్తక్షేత్రం అని పేరుపెట్టారు, కోర్టునే తమ ఊరికి రప్పించుకున్నారు. ఏ పిస్తోలు చేయగలిగేది ఈ పని?

లైసెన్సు అడిగే హక్కు మనం వదులుకోం. నిజంగా ముప్పున్న సాక్షి, చంపుతామని బెదిరింపు ఉన్న సర్పంచి, పొలం మధ్య ఒంటిగా బతికే కుటుంబం అడిగితే సంఘం వాళ్ళ వెంట నడవాలి, సెక్షను పద్నాలుగు చూపించాలి. వాళ్ళకు ఇవ్వకుండా పెత్తందారుకు ఇవ్వడం అంటరానితనమే. కానీ ఊరూరా కుర్రాళ్ళకు పిస్తోళ్ళు అన్న నినాదాన్ని మేం మోయలేం. నాటు తుపాకీ కొందామనే ఆలోచన అసలే వద్దు. ఇంట్లో అది దొరికిన రోజు, మన మీద జరిగిన దాడి కేసు పక్కకు పోయి ఆయుధాల కేసు ముందుకొస్తుంది. అమ్మినవాడే స్టేషనుకు చెప్పే రకం.

ఈ పక్షం చేయాల్సిన పని ఒకటుంది. సంఘం ఉన్న ప్రతి పల్లె నుంచి సమాచార హక్కు చట్టం కింద రెండు అర్జీలు పెట్టండి. ఒకటి కలెక్టరాఫీసుకు: మా మండలంలో ఎన్ని తుపాకీ లైసెన్సులున్నాయి, అందులో ఎస్సీ ఎస్టీలకు ఎన్ని, పంట కాపలాకు ఎన్ని, ఆత్మరక్షణకు ఎన్ని. రెండోది: 1995 రూల్సు మూడో రూలు కింద జిల్లాలో ఏయే ఊళ్ళను గుర్తించారు, ఎన్ని లైసెన్సులు రద్దు చేశారు. పేర్లు అడిగితే వంక పెడతారు, అంకెలు అడగండి. దాడి జరిగిన ఊళ్ళవాళ్ళు విడిగా, ఊరి పేరు పెట్టి అడగండి. అర్జీ మీద పది రూపాయల ఫీజు కట్టిన రసీదు దాచుకోండి. ముప్పై రోజులు చూడండి. వచ్చిన జవాబు జిరాక్సు తీసి మాకు పంపండి, జిల్లాలవారీగా ఈ పేజీల్లోనే వేస్తాం. జవాబు రాకపోతే, రాలేదన్న సంగతే పోస్టు కార్డు మీద రాసి పంపండి. అది కూడా వేస్తాం.